చైనా కోడలు, బందరు రోడ్డు

క్రీ.శ. 639 ప్రాంతంలో ఒక చైనా యాత్రికుడు కృష్ణా తీరానికి వచ్చాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు హ్యూయాన్ త్సాంగ్. ధాన్యకటక రాజ్యంలో కొన్ని నెలలు మకాం పెట్టి, ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదువుకుని, తనకు వచ్చింది వాళ్ళకు చెప్పి, తీరిగ్గా దక్షిణానికి కదిలాడు. ఊరికే పోలేదు, జనం గురించి కూడా రాసి పెట్టుకున్నాడు. ఇక్కడివాళ్ళు నల్లగా ఉంటారట, కోపిష్ఠులట, తొందరపాటు మనుషులట, కానీ చదువంటే మహా గౌరవమట. బెంజిసర్కిల్ దగ్గర ఎర్రలైటూ, ఊరంతా పరుచుకున్న కోచింగ్ సెంటర్లూ చూడకుండానే ఇంత కచ్చితంగా రాశాడంటే మహానుభావుడే.

మొన్న కనుమ వెళ్ళిన వారానికి ఇంకో చైనా యాత్రికురాలు అదే కృష్ణా తీరానికి వచ్చింది. ఈమె చేతిలో ఉన్నది ఒక్క రోజు. మర్నాడు పొద్దున గన్నవరంలో విమానం. ఆ ఒక్క రోజులో ఆమెకి మన ప్రాంతమంతా చూపించి తీరాలని పంతం పట్టినాయన సత్యనారాయణపురంలో ఉండే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. సియాటిల్‌లో ఉద్యోగం చేసే ఆయన మేనల్లుడు బీజింగ్ అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. చిన్నప్పుడే తండ్రి పోయిన మేనల్లుణ్ణి పెంచి చదివించింది మాస్టారే కాబట్టి, ఆ అమ్మాయి తండ్రికి ఈయనే సిసలైన వియ్యంకుడు. వియ్యంకుడన్నాక పోటీ ఉంటుంది. మధ్యలో హిమాలయాలు అడ్డంగా ఉన్నా సరే ఉంటుంది.

పోటీ మొదలైంది బీజింగ్‌లో. పెళ్ళయిన మర్నాడు అక్కడి వియ్యంకుడుగారు మాస్టారు దంపతుల్ని కారెక్కించుకుని ఒక్క రోజు కార్యక్రమం నడిపించారు. ముందు ఊరికి డెబ్బై కిలోమీటర్ల దూరంలో బాదాలింగ్ దగ్గర గోడ ఎక్కించారు. ఇంద్రకీలాద్రి మెట్లకి అలవాటు పడ్డ మోకాళ్ళు మాస్టారివి. ఇక్కడ మెట్లు ఒకటి జానెడు, ఇంకొకటి మోకాలెత్తు. లెక్కల మనిషికి ఆ అస్తవ్యస్తం నచ్చలేదు. "ఇంత ఖర్చు పెట్టినవాళ్ళు మెట్లు ఒక కొలతకి కట్టలేకపోయార్రా?" అన్నారు మేనల్లుడితో. "మావయ్య చాలా గొప్ప కట్టడం అంటున్నారు" అని మేనల్లుడు చైనా భాషలో మామగారికి విన్నవించాడు. ఆ రోజంతా రెండు దేశాల సంబంధాలూ ఆ కుర్రాడి మీదే నడిచాయి.

గోడ దిగాక ఎనామిల్ పాత్రల కార్ఖానా. రాగి కూజా మీద వెంట్రుకంత సన్నటి రాగి తీగని పట్టకారుతో వంచి, పువ్వులుగా, మబ్బులుగా అతికిస్తారు. ఆ గళ్ళలో రంగు నింపి కొలిమిలో కాలుస్తారు. కాలితే రంగు కుంగుతుంది, మళ్ళీ నింపి మళ్ళీ కాలుస్తారు. చివరికి సానపట్టి బంగారు పూత వేస్తారు. 1449లో గద్దెనెక్కిన మింగ్ చక్రవర్తి జింగ్‌తాయ్ కాలంలో ప్రసిద్ధికెక్కిన పని ఇది, చైనాలో దాని పేరు కూడా ఆయనదే. మాస్టారు కళ్ళార్పకుండా చూశారు. చూడటం అయ్యాక తెలిసిందేమిటంటే, బయటికి దారి దుకాణంలోంచే ఉంది. అమ్మే పిల్ల కాలిక్యులేటరు మీద ఒక అంకె నొక్కి చూపించింది. మాస్టారి భార్య, అంటే మేనల్లుడి అత్తయ్యగారు, దాన్ని చెరిపేసి, బీసెంట్ రోడ్డు పద్ధతిలో అందులో మూడో వంతు నొక్కారు. భాషతో పని లేకుండా పావుగంట యుద్ధం నడిచాక కూజా బెజవాడ చేరింది. ప్రస్తుతం టీవీ పక్కన కరెంటు బిల్లులు అందులోనే ఉంటున్నాయి.

రాత్రికి బాతు. బీజింగ్ వెళ్ళినవాళ్ళు బాతు తినకుండా రావడమంటే బందరు వెళ్ళి లడ్డూ లేకుండా రావడమే. 1864లో పెట్టిన చ్యువాన్‌జుదె అనే హోటలుకి దాన్ని పొయ్యిలో వేలాడదీసి, పళ్ళచెట్ల కట్టెల మంటమీద కాల్చడంలో పేరు. మాస్టారు శాకాహారి. వియ్యంకుడుగారు ఆ సంగతి ముందే కనుక్కుని బౌద్ధుల శాకాహార భోజనశాలకి తీసుకెళ్ళారు. అక్కడా బాతే వచ్చింది, కాకపోతే సోయా పాల మీద కట్టే మీగడ పొరలతో చేసిన బాతు. ఆకారం బాతుది, రంగు బాతుది, నిగనిగలాడే తోలు కూడా బాతుదే. మాస్టారు ముట్టుకోలేదు. "ఇది సోయా అని నాకు తెలుసురా. ఆ ముక్కకి తెలుసా?" అన్నారు. అత్తయ్యగారి హ్యాండ్‌బ్యాగులోంచి కందిపొడి డబ్బా బయటికి వచ్చింది. వియ్యంకుడుగారు మర్యాదకి ఒక చెంచాడు నోట్లో వేసుకుని, ఆ తరవాత చాలాసేపు వేడినీళ్ళు తాగారు. బీజింగ్‌లో వేడినీళ్ళకి మాత్రం లోటుండదు.

ఏమైనా ఒప్పుకోక తప్పదు, ఆ రోజు అనుకున్న ప్రతిదీ అనుకున్న వేళకి జరిగింది. అదే మాస్టారి గుండెల్లో ముల్లు.

అందుకే ఈసారి కాగితం పెన్నూ తీసి పథకం వేశారు. అయిదున్నరకి అమ్మవారి దర్శనం, ఏడింటికి ఇడ్లీ, ఎనిమిదిన్నరకి ఉండవల్లి, పదిన్నరకి కొండపల్లి, ఒంటిగంటకి కూచిపూడి, రెండున్నరకి పెడన, నాలుగింటికి బందరు, అయిదింటికి మంగినపూడి సముద్రం, ఎనిమిదింటికి ఇల్లు. దూరాన్ని వేగంతో భాగిస్తే సరిగ్గా సరిపోయింది. దారిలో చుట్టాల్ని దేనితో భాగించాలో మాత్రం ఏ ఎక్కాల పుస్తకంలోనూ లేదు. పైగా ఇది ఒక జిల్లా వ్యవహారం కూడా కాదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక బెజవాడ, కొండపల్లి ఎన్టీఆర్ జిల్లాలోకి పోయాయి, బందరు కృష్ణా జిల్లాలో మిగిలింది, ఏరు దాటితే ఉండవల్లి గుంటూరు జిల్లా. మాస్టారు ఇల్లు మారకుండానే జిల్లా మారిన మనిషి. "కృష్ణా జిల్లా చూపిస్తాను" అని ఇప్పటికీ అంటారు, ఎవరూ దిద్దరు.

దర్శనం వేళకే అయింది. గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ దగ్గర మొదటి ఆలస్యం. తెల్లటి ఇడ్లీ మీద వెన్నపూస కరుగుతూ ఉంటుంది, పక్కన కారప్పొడి, అల్లప్పచ్చడి, కొబ్బరి చట్నీ. చైనా కోడలు పుట్టిన ఊళ్ళో పొద్దున్నే సోయా పాలు, నూనెలో వేయించిన పొడుగాటి పిండి కాడలు తింటారు. ఆవిరి మీద ఉడికే మంతోవ్ అనే ఉండ కూడా ఉంటుంది. బీజింగ్‌లో మాస్టారు దాన్ని కొరికి చూసి, "పచ్చడి కనిపెట్టకముందు ఇడ్లీ ఇలా ఉండేదేమో" అని తీర్పు చెప్పారు. ఇక్కడ కోడలు రెండు ఇడ్లీలు తిని ఊరుకోకుండా, పొడి ఎలా చేస్తారు, వెన్న ఎందుకు వేస్తారు అని ఆరా తీసింది. మేనల్లుడు అడగటం, సర్వరు చెప్పడం, పక్క బల్లాయన సర్వరుని ఖండించడం, మరొకాయన లేచి వచ్చి ఎన్టీ రామారావు కాలం కబుర్లు చెప్పడం. అరగంట పోయింది.

బ్యారేజీ దాటుతుంటే మాస్టారు గైడు అవతారం ఎత్తారు. 1855 నాటికి ఇక్కడ ఆనకట్ట పూర్తయింది, 1952 వరదకి గండి పడింది, 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. మనం తినే ప్రతి మెతుకూ ఈ కాలువల నీళ్ళదే. కోడలు కిటికీలోంచి కృష్ణని చూస్తూ, "మా యాంగ్జీలో నీళ్ళు ఇంతకంటే ఎక్కువ" అందో ఏమో, మేనల్లుడు దాన్ని "చాలా అందంగా ఉందట" అని తెలుగు చేశాడు. వంశపారంపర్యంగా వచ్చిన విద్య కాదు, అవసరం నేర్పింది.

ఉండవల్లి కొండ నాలుగంతస్తుల గుహాలయం. విష్ణుకుండినుల కాలంలో కొండని తొలిచి, స్తంభాలు, గదులు, వసారాలు అన్నీ అదే రాతిలో తీశారు. మూడో మేడ మీద పడుకున్న అనంతశయనుడు అయిదు మీటర్ల పైచిలుకు, అదీ ఒకే రాయి. ఆ మేడ దగ్గర మాస్టారు చెయ్యి చాచి, "మీ హ్యూయాన్ త్సాంగ్ ఇక్కడే బస చేశాడమ్మా" అని ప్రకటించారు. దీనికి ఆధారమేమీ లేదు. ఉన్నదల్లా పందొమ్మిదో శతాబ్దపు పండితుల తగాదా. ఆ యాత్రికుడు వర్ణించిన ధాన్యకటక నగరం అమరావతి పక్కన ధరణికోట అని అలెగ్జాండర్ కనింగ్‌హామ్ అన్నాడు. కాదు, బెజవాడే అని జేమ్స్ ఫెర్గూసన్ అన్నాడు, రాబర్ట్ సీవెల్ ఆయన పక్షం చేరాడు. నగరానికి తూర్పున ఒక కొండ మీద ఒక విహారం, పడమట కొండ మీద ఇంకొకటి అని యాత్రికుడు రాసింది ఏ కొండల గురించన్నది వాళ్ళ పేచీ. రాజధాని ఎక్కడన్న తగువు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదన్నమాట.

ఆయన వచ్చేనాటికే ఇక్కడి బౌద్ధ విహారాలు చాలామట్టుకు పాడుబడ్డాయి. ఇరవై దాకా మిగిలాయి, వాటిలో వెయ్యిమంది వరకు భిక్షువులు. పనిలో పనిగా ఆయన ఒక కథ కూడా రాసుకున్నాడు. భావవివేకుడనే ఆచార్యుడు మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికి ఉండాలనుకుని, మంత్రించిన ఆవాలు నగరానికి దక్షిణాన కొండరాతి మీద కొడితే రాయి తెరుచుకుందట, ఆయన లోపలికి వెళ్ళాడట. మేనల్లుడు ఫోనులో ఇది చదివి చెప్పగానే అత్తయ్యగారు ఏమీ ఆశ్చర్యపోలేదు. "ఆవాలతో అవని పనేముంది? సరిగ్గా దంచాలి గానీ" అన్నారు. ఆవిడ ఏటా ఇరవై కేజీల ఆవకాయ పెడతారు.

కోడలికి హ్యూయాన్ త్సాంగ్ చరిత్రలో మనిషిగా కంటే కథలో మనిషిగా ఎక్కువ పరిచయం. ఆయన యాత్ర మీద పదహారో శతాబ్దంలో అల్లిన 'పశ్చిమ యాత్ర' అనే నవలలో సున్ వుకాంగ్ అనే కోతి ఆయనకి తోడు. మబ్బుల మీద ఎగురుతుంది, రూపాలు మారుస్తుంది, చేతిలో పెరిగే తగ్గే కర్ర. 1986లో చైనా టీవీలో సీరియల్‌గా వచ్చింది, ఆ దేశంలో పిల్లలంతా దాంతోనే పెరిగారు. ఇది ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, కొండపల్లి బొమ్మల కాలనీలో మొదటి ఇంట్లోనే ఆమె ఆగిపోయింది. అరుగు మీద హనుమంతుడు ఉన్నాడు. "సున్ వుకాంగ్!" అని అరిచింది. మాస్టారు గంభీరంగా "హనుమ" అని దిద్దారు. ఇద్దరిలో ఎవరు గెలవాలన్నది చైనా పండితులే తేల్చుకోలేదు. సున్ వుకాంగ్‌కి మూలం హనుమంతుడే కావచ్చునని హు షి అనే ఆయన 1923లో అన్నాడు, లూ షున్ ఒప్పుకోలేదు.

మాస్టారింట్లో ఏటా బొమ్మల కొలువు పెడతారు. తొమ్మిది మెట్లు, మూడొంతులు కొండపల్లివే. వాటిని చేసే చోటికి మాస్టారు ఇంతవరకూ రాలేదు. పుట్టి పెరిగిన ఊరికి ఇరవై కిలోమీటర్ల దూరం కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు అన్న ధీమా. నాలుగు వేల కిలోమీటర్ల పైన ఎగిరి బీజింగ్‌లో రాగితీగ అతికించడం చూసొచ్చిన మనిషి ఇక్కడ తెల్లపొణికి చెక్క చేతికి తీసుకుని, "ఇంత తేలికా!" అని కోడలికంటే ముందే ఆశ్చర్యపడ్డారు. తేలికే. చుట్టుపక్కల కొండల్లో దొరికే ఆ చెక్కలో తడి పోయేదాకా సన్నసెగ మీద ఆరబెడతారు. ఒళ్ళు ఒక ముక్క, చేతులు ఒక ముక్క, తలపాగా ఇంకో ముక్క విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపంపొట్టు కలిపి అతికిస్తారు, అతుకులు కనపడకుండా దాంతోనే మెత్తుతారు. సుద్ద పూస్తారు. అది ఆరాక రంగులు. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, దశావతారాలు, తాడిచెట్టెక్కుతున్న గీత కార్మికుడు.

ఇక్కడ కార్ఖానా వేరు, దుకాణం వేరు కాదు. ఒకాయన చెక్కుతున్నాడు, ఆయన భార్య కళ్ళు దిద్దుతోంది, పక్కన పిల్లాడు హోంవర్క్ చేస్తున్నాడు, ఆ పిల్లాడే లేచి ధర చెప్తాడు. ఇది చేసే ఆర్యక్షత్రియులు తమ పూర్వులు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. కోడలు మాత్రం చరిత్ర వదిలేసి ఒకటే ప్రశ్న పట్టుకుంది. చెట్టు నరుకుతున్నారు సరే, నాటుతున్నారా? కొండల మీద పొణికి తగ్గిపోయిందనీ, నాటినా చెక్క చేతికి రావడానికి ఏళ్ళు పడుతుందనీ బొమ్మలాయన చెప్పాడు. ఇంట్లో అన్ని బొమ్మలున్నా మాస్టారికి ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. ఆయన గడియారం చూసుకున్నారు. పన్నెండున్నర. కోడలు హనుమంతుణ్ణీ, తాడిచెట్టునీ కొంది. బేరమాడబోయిన అత్తయ్యగారిని ఆపింది కూడా ఆవిడే. బీజింగ్‌లో కాలిక్యులేటరు ముందు కూడా నెగ్గిన వీరవనితకి అది తొలి పరాజయం.

మళ్ళీ బెజవాడ మీదుగా బెంజిసర్కిల్, అక్కణ్ణుంచి బందరు రోడ్డు. కంకిపాడు దాటితే రెండువైపులా కోతలైన చేలలో పచ్చటి మినుములు, ఉయ్యూరు దగ్గరికి వచ్చేసరికి చెరుకు ట్రాక్టర్ల వరస, పంచదార ఫ్యాక్టరీ వాసన. ట్రాక్టరు వెనక ట్రాక్టరు వెనక కారు. మాస్టారు భాగహారంలో వేగం గంటకి అరవై. ఉయ్యూరులో అది పన్నెండు.

పామర్రులో అసలు గండం ఉంది. మాస్టారికి వేలు విడిచిన మేనత్త ఒకావిడ అక్కడ ఉంటారు. "అయిదు నిమిషాలు కూర్చుని కాఫీ తాగి వెళ్ళిపోతాం" అని ముందురోజు ఫోనులో చెప్పడమే మాస్టారు చేసిన వ్యూహం. కృష్ణా జిల్లాలో ఆ మాటకి అర్థం ఏమిటో తెలిసినవాళ్ళకి వివరించక్కర్లేదు. కారు ఆగేసరికి అరిటాకులు కడిగి ఉన్నాయి.

ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. వంకాయ కారం పెట్టి కూర. గుమ్మడికాయ దప్పళం. మినప గారెలు. ఉలవచారు, దాని మీద చెంచా నిలబడేంత మీగడ. గడ్డపెరుగు. చక్రకేళి. ఉలవచారు సంగతి చైనా కోడలికి వివరించడం మేనల్లుడి దౌత్య జీవితంలో కష్టతరమైన ఘట్టం. గుర్రాలకి, ఎడ్లకి పెట్టే గింజని ఉడకేసి, గింజ ఎడ్లకి పెట్టి, ఆ నీళ్ళు గంటల తరబడి మరిగించి మనుషులు తాగుతారని చెప్పాలి, చెప్పి తినిపించాలి. ఆమె ఒక చెంచా రుచి చూసింది. రెండోసారి తనే అడిగింది.

అసలు చిక్కు ఆకు చివర్లో వచ్చింది. చైనాలో పాత పద్ధతి ప్రకారం చుట్టం కంచం ఊడ్చేస్తే ఆకలి తీరలేదని లెక్క, ఇంటివాళ్ళు మళ్ళీ వడ్డిస్తారు. కాస్త మిగిల్చితే కడుపు నిండిందని అర్థం. అందుకని ఆమె మర్యాదగా ఒక గారె, గుప్పెడు పప్పన్నం మిగిల్చింది. మేనత్తగారి లెక్క వేరు. ఆకులో మిగిలిందంటే వంట నచ్చలేదన్నమాట, పిల్ల మొహమాటపడుతోందన్నమాట, మరో రెండు గారెలు వెయ్యాలన్నమాట. వేశారు. కోడలు ఇంకొంచెం ఎక్కువ మిగిల్చింది. ఆవిడ ఇంకొంచెం ఎక్కువ వేశారు. రెండు నాగరికతలూ తమ తమ మర్యాదలో ఒక్క మెట్టు కూడా దిగలేదు. బీజింగ్‌లో తిరిగే బల్ల మీద వంటకాలు తిరుగుతాయి, అక్కర్లేనిది ముందుకు తోసెయ్యొచ్చు. మేనత్తగారిని తోసెయ్యడం ఎవరి తరం? చివరికి కోడలు రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టేసింది. ఆ భంగిమ రెండు దేశాల్లోనూ చెల్లింది.

తాంబూలం, చీర, రవికెల గుడ్డ, పసుపూ కుంకుమ, ఫోటోలు, ఎదురింటివాళ్ళు వచ్చి కోడల్ని చూడటం. బయల్దేరేసరికి మూడున్నర.

కూచిపూడి పామర్రుకి దగ్గరే, కానీ ఇక పెడన దక్కాలంటే కూచిపూడి వదులుకోవాలి. మాస్టారు బాధపడుతూ కారులోనే కూచిపూడి చూపించేశారు. సిద్ధేంద్ర యోగి, భామాకలాపం, గోల్కొండ తానీషా ఆ ఊరిని కళాకారుల కుటుంబాలకి అగ్రహారంగా ఇచ్చాడన్న ప్రతీతి, ఆడవేషాలు తరతరాలుగా మగవాళ్ళే కట్టడం. ఫోనులో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషం చూపించారు. 1935లో అదే ఊళ్ళో పుట్టిన ఆ మహానటుడు జడ ముందుకు వేసుకుని ఓరగా చూస్తే ఆడవాళ్ళే అలా చూడటం నేర్చుకునేవారని చెప్పారు. కోడలు బొమ్మని కాసేపు చూసింది. తన ఫోను తీసి ఇంకో బొమ్మ చూపించింది. పెకింగ్ ఓపెరాలో స్త్రీ పాత్రలకి పెట్టింది పేరైన మెయ్ లాన్‌ఫాంగ్, 1894లో పుట్టి 1961లో పోయిన మగాయన. అవే వేళ్ళు, అదే ఓరచూపు, తల నిండా నగలు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకున్నారు. గూడూరు దాటేదాకా ఎవరూ గడియారం చూడలేదు. అనుకుని కూడా అసలు వెళ్ళనే వెళ్ళని ఊరు ఇది, రోజు మొత్తానికి బాగా చూసింది కూడా ఇదే.

పెడన చేరేసరికి పొద్దు వాలుతోంది. గట్ల మీద ఆరేసిన గుడ్డలు తీసి మడతలు పెడుతున్నారు. అద్దకం షెడ్డులో పొడవాటి బల్ల, దాని మీద గుడ్డ, చేతిలో టేకు అచ్చు. రంగు పట్టిన మెత్త మీద అచ్చు అద్దడం, గుడ్డ మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు, ముందుకి జరగడం. చూస్తే తేలికే. దీని వెనక కథ మాత్రం పొడుగు. ముందు గుడ్డని ఉతికి తెల్లబరచాలి. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి, పాలు పట్టిన గుడ్డ మీద రంగు పాకదు. నలుపు కోసం తుప్పుపట్టిన ఇనప ముక్కలు బెల్లం నీళ్ళలో రోజుల తరబడి నానబెడతారు. ఆ కుండ మూత తీశాక కోడలు ముక్కు మూసుకుంది, మాస్టారు మాత్రం "రసాయన శాస్త్రం" అని మెచ్చుకున్నారు. ఎరుపు మరీ విచిత్రం. అద్దేటప్పుడు అది పటిక నీళ్ళు, ఎర్రగా ఉండదు. గుడ్డని వేరు రంగులో వేసి ఉడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపెక్కుతుంది. పూర్వం దానికి చిరివేరు వాడేవారు. తరవాత పారే నీళ్ళలో ఉతకాలి. ఆనకట్ట కాలువలు అన్నం ఒక్కటే పెట్టలేదన్నమాట.

పదిహేడో శతాబ్దంలో ఈ గుడ్డ కోసమే డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరు రేవులో దిగారు. ఆ వెర్రి ఎంతదాకా పోయిందంటే, తమ నేతగాళ్ళు గొడవ పెడితే ఫ్రాన్సు 1686లో ఇలాంటి అద్దకం గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపింది, 1721లో అసలు కట్టుకోవడమే నేరమంది. వాళ్ళకంటే చాలా ముందే, పదమూడో శతాబ్దం చివర్లో, చైనాలో కుబ్లాయ్ ఖాన్ కొలువు చేసిన మార్కో పోలో మన తీరంలో మోటుపల్లి గురించి రాస్తూ ఇక్కడి బట్ట సాలెగూడులా ఉంటుందని పొగిడాడు. పట్టు పుట్టిన దేశంలో అన్నేళ్ళు ఉండొచ్చినవాడి పొగడ్త అది, తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంత ఘనచరిత్ర విన్నాక అత్తయ్యగారు తను కట్టుకున్న చీర కొంగు చాపి, "ఇది కూడా ఇక్కడిదే" అన్నారు. అద్దకం పనాయన కొంగు తిప్పి చూశాడు. మొహమాటపడ్డాడు. చేత్తో అద్దినదైతే అచ్చుకీ అచ్చుకీ మధ్య ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా ఉంటుందనీ, రంగు వెనక్కి కూడా దిగుతుందనీ, ఇది తెర మీద కొట్టిన ప్రింటనీ మెల్లగా చెప్పాడు. ఆ చీర అమ్మిన కొట్టు ఏదో ఇక్కడ అప్రస్తుతం, ఆవిడ దగ్గర మాత్రం దాని పేరు పదిలంగా ఉంది. కోడలు అత్తయ్యగారికి అసలుసిసలు పెడన చీర ఒకటి కొనిపెట్టింది. ఈసారి బేరం ఊసు ఎవరూ ఎత్తలేదు.

బందరు చేరేసరికి చీకటి. సముద్రం ఉందనడానికి గాలిలో ఉప్పు తప్ప సాక్ష్యం లేదు. మంగినపూడి వెళ్ళి చీకట్లో అలల చప్పుడు వినడమా, లడ్డూ కొట్టు మూసేలోపు చేరడమా అన్నది ప్రశ్న. మాస్టారు కూడా లెక్క వెయ్యకుండా జవాబు చెప్పారు. బందరు లడ్డూకి తొక్కుడు లడ్డూ అని ఎందుకు పేరొచ్చిందో కొట్టాయన చూపించాడు. శనగపిండిని పూసగా ఒత్తి నేతిలో వేయించి, దంచి పొడిచేసి, బెల్లప్పాకం, నెయ్యి పోసి మళ్ళీ రోకలితో దంచుతారు. బొందిలీ కుటుంబాలు ఈ విద్యని ఈ ఊరికి తెచ్చాయని చెబుతారు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కోడలు ఒకటి తిని, వాళ్ళ నాన్నకి రెండు కేజీలు కట్టించింది. నాన్నకి అంత తీపి పడదని మేనల్లుడు గుర్తుచేస్తే, కందిపొడికి బదులు తీర్చుకోవడానికని చెప్పింది.

ఇల్లు చేరింది పదిన్నరకి. బీజింగ్ నుంచి వీడియో కాల్ వచ్చేసరికి మర్నాడు పొద్దున్న. ఒక్క రోజులో ఏమేం చూశారని వియ్యంకుడుగారు అడిగారు. మాస్టారు చూడనివాటి జాబితా చదివారు. కూచిపూడి, బందరు కోట, డచ్చివాళ్ళ సమాధులు, మంగినపూడి, ఘంటసాల బౌద్ధ స్తూపం, భవానీ ద్వీపం. మేనల్లుడు నోరు తెరిచి "అన్నీ చూశాం అంటున్నారు" అనబోయాడు గానీ, కోడలు అడ్డొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వచ్చే జనవరికి వియ్యంకుడుగారే వస్తానన్నారు. మాస్టారు కొత్త కాగితం తీశారు. ఈసారి దాంట్లో వేళలు లేవు, ఊళ్ళ పేర్లు మాత్రమే ఉన్నాయి, పామర్రు పేరు రెండుసార్లు ఉంది.

బెజవాడకి చుట్టాల్ని పిలిచేవాళ్ళకి ఈ అనుభవంలోంచి పనికొచ్చేవి కొన్ని. ఉండవల్లి, కొండపల్లి ఒక రోజు పెట్టుకోండి, బందరు రోడ్డుకి ఇంకో రోజు ఇవ్వండి. పెడన మధ్యాహ్నం లోపే వెళ్ళండి, గుడ్డలు ఎండలో ఉండగా చూడాలి. చీర కొనేముందు తిరగేసి చూడండి. జనవరిలో ఉయ్యూరు చెరుకు ట్రాక్టర్లకి ముప్పావుగంట వదిలెయ్యండి. దారిలో మేనత్తలుంటే మాత్రం ముందుగా ఫోను చెయ్యకండి.